శిరీషకు, నకిలీ వీడియోల రికార్డు మొదలుపెట్టేముందు

బిడ్డా శిరీషా,

ఎన్నికలల్ల తిరిగే డీప్‌ఫేకులు, అంటే ఏఐతోని చేసిన నకిలీ వీడియోలు, ఆడియోలు జమచేసి రికార్డు రాస్తనంటున్నవని మీ నాయిన చెప్పిండు. సంబురమైంది, ఎంటనే గుబులు పుట్టింది.

తేదీ, లింకు, ఎవరి మొఖం, ఎవరికి నష్టం, ఇవన్నీ షీటుల ఎట్లాగూ రాస్తవు. ప్రచారం బందైన ఆఖరి గంటలల్ల మాత్రం పండుకోకు. 2023ల స్లొవేకియాల నకిలీ ఆడియో పోలింగ్‌కు రెండు రోజుల ముందే వదిలిన్రు, జవాబు చెప్పే సందు లేకుంట.

ఇగ అసలు మాట. కొత్తగ ఈ పనిల దిగినోళ్లు వాట్సాప్‌ల వచ్చిన వీడియోను డిటెక్టర్ల, అంటే నకిలీని పట్టే సాఫ్ట్‌వేర్ల ఏస్తరు, అది '90 శాతం నకిలీ' అంటే అట్లనే రాసుకుంటరు. ఆ పని చెయ్యకు. వాట్సాప్ వీడియోను కుదిస్తది, మెటాడేటా, అంటే ఎప్పుడు, దేనితోని తీసిన్రో చెప్పే వివరాలు తీసేస్తది. చేతులు మారినకొద్ది పెదవుల అంచుల ఏఐ వదిలిన జాడలు చెదిరిపోతయి. డిటెక్టర్ చూసేది ఆ జాడలనే. ఇగ గొంతంటవా, మన దేవరకొండ యాస, ఎనుక డప్పుల మోత, మైకు గోల కలిసినయంటే దాని లెక్క అసలే నమ్మకు.

పంపినోళ్లను డాక్యుమెంటుగ పంపమను. ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఫైలు కొంచెం మారినా మారిపోయే గుర్తు, తీసి రాసుకొని, కాపీ మీదనే పనిచెయ్యి. ఇన్‌విడ్ అనే వీడియో తనిఖీ టూల్‌ల కీఫ్రేములు, అంటే వీడియోలోని ముఖ్యమైన బొమ్మలు, తీసి నెట్ల వెతుకు. అదే అంగీ, అదే మైకున్న పాత ప్రసంగం దొరికితే రెండూ పక్కపక్కన నడిపించు. ప, బ, మ పలికేకాడ పెదవులు కలుస్తున్నయా చూడు. 2024ల అమిత్ షా రిజర్వేషన్ల వీడియోల ఏఐ లేనేలేదు, 2023 చేవెళ్ల ప్రసంగాన్ని కోసి అతికిచ్చిన్రు. అందుకే 'ఏఐ', 'కోత', 'తేలలేదు' అని మూడు గడులు పెట్టు.

'తేలలేదు' అని రాయనీకి సిగ్గుపడకు. మర్రిగూడల ఓ తల్లి ఊరి నీళ్లు చూపిచ్చి తీసిన నిజమైన వీడియోకు నువ్వు తొందరపడి 'నకిలీ' అని రాసినవనుకో, లీడరు నీ షీటే చూపిచ్చి తప్పిచ్చుకుంటడు. ఆ తల్లి మాట మళ్ల ఎవ్వరు నమ్మరు. నాకున్న భయమంత అదే.

ఆడ క్యాండిడేట్ల మీద బూతు వీడియోలొస్తే పేరు బదులు కోడ్ రాయి, ఫైలు ఎవ్వరికియ్యకు, ఎంత చదువుకున్నోళ్లు అడిగినా సరే. ఫిర్యాదు ఆమె ఇష్టం. సైబర్‌క్రైమ్ పోర్టల్‌ల అసోంటివి పేరు చెప్పకుంట కూడ పెట్టొచ్చు. నువ్వు చూసేటప్పుడు సౌండు బందుపెట్టి చిన్న కిటికీల చూడు. పండేముందు అసలే వద్దు బిడ్డా, మనసుకు పడ్తది.

మొదటి పది వీడియోలు నాకు పంపు, నువ్వేం రాసినవో చెప్పకు. నేను వేరుగ గుర్తులేస్త. ఎక్కడ కలవలేదో ఆ గడి అర్థం సరిచేసినంకనే పదకొండోది ముట్టు.

నీ పెదనాయిన