డ్యాష్‌క్యామ్ వైరు: నాలుగు రోజుల్లో బ్యాటరీ డౌన్ అవుతోందంటే

బ్రదర్, ఫ్యూజు కాలు కింద వైరు దోపి డ్యాష్‌క్యామ్‌కి కరెంటిచ్చానని, నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే కారు స్టార్ట్ కాలేదని రాశారు కదా. కెమెరా 0.3 ఆంపియర్లు లాగినా నాలుగు రోజులకు దాదాపు 29 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీయే 35. ఇంకేం మిగులుతుంది?

ముందు ఆ దోపిన వైరు పీకేయండి. అది వదులైతే వేడెక్కుతుంది, పైగా దానికంటూ విడిగా ఫ్యూజు లేదు. ఫ్యూజ్ ట్యాప్ (పాత ఫ్యూజుతో పాటు కెమెరాకి విడి ఫ్యూజు కూడా పెట్టుకునే, అదే స్లాటులో గుచ్చే అడాప్టరు) కొనండి, మీ ఫ్యూజు సైజుదే. కారు కీ ఆఫ్ చేస్తే కరెంటు పోయే ఫ్యూజు స్లాటు (సిగరెట్ లైటర్‌ది చాలా కార్లలో అలాంటిదే) మల్టీమీటర్‌తో వెతకండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

ఫ్యూజు తీసి, కీ ఆన్ చేసి చూస్తే ఆ స్లాటు రెండు గాడుల్లో ఒకదాంట్లోనే 12 వోల్టులు చూపిస్తుంది. ట్యాపులో రెండు ఫ్యూజులకీ ఉమ్మడిగా ఉన్న కాలు అందులోకి వెళ్ళాలి. తిరగేస్తే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజు మీదే పడుతుంది. నేను మొదటిసారి తిరగేసే పెట్టాను లెండి! కెమెరాకి 2 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఎర్త్ వైరు కారు బాడీకి ఉన్న, పెయింటు లేని ఇనుప బోల్టుకి బిగించండి.

పార్కింగ్ రికార్డింగ్ కూడా కావాలంటే, వోల్టేజీ పడిపోగానే ఆపేసే హార్డ్‌వైర్ కిట్ తప్పదు.