సమాధానం: జోకర్ వేషంలో వార్డుకి వెళ్తే పిల్లలు ఏడుస్తున్నారు

ఆసుపత్రిలో పిల్లల వార్డుకి జోకర్ వేషంలో మ్యాజిక్ చేయడానికి వెళ్తే పిల్లలు ఏడుస్తున్నారు, ఎందుకని అడిగారు. మీ మ్యాజిక్‌లో లోపం లేదండి, ముఖం నిండా పూసుకున్న ఆ తెల్లరంగే కారణం అయ్యుంటుంది. సూదితో వచ్చే కొత్త మొహాలకి ఇప్పటికే బెదిరిపోయిన పిల్లలకి మీరు ఇంకో కొత్త మొహం.

1. రంగు మానేయండి, ఎర్రముక్కు చాలు. అదీ వాళ్లు చూస్తుండగానే పెట్టుకోండి.

2. ముందు డ్యూటీ నర్సుని అడగండి: ఎవరికి ఇప్పుడే ఇంజెక్షన్ అయింది, ఎవరికి పొట్ట మీద కుట్లున్నాయి (నవ్వితే నొప్పి).

3. చాలామంది వదిలేసేది ఇదే. గుమ్మం దగ్గరే ఆగి "రావచ్చా?" అని అడగాలి. అమ్మని కాదు, పిల్లాణ్ణి. "వద్దు" అంటే నిజంగానే వెళ్లిపోవాలి, బతిమాలకూడదు. మందుకీ సూదికీ వద్దనే వీల్లేదు కదా, ఆ రోజంతటిలో వాళ్ల మాట చెల్లేది ఇక్కడొక్కచోటే. మీరు వెనక్కి తిరిగితే చాలాసార్లు వాళ్లే తొంగిచూస్తారు. జనరల్ వార్డులో గుమ్మం ఎక్కడిదంటారా? మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగండి.

4. రబ్బరు బెలూన్లు వద్దు. ఆ రబ్బరు (లాటెక్స్) ఒంటికి పడనివాళ్లుంటారు, పగిలిన ముక్క గొంతులో అడ్డుపడితే ప్రమాదం.

5. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేముందు చేతులు శానిటైజర్‌తో రుద్దుకోండి. జలుబుంటే ఆ వారం మానేయండి.