దాచేది దొరకడానికే: ఓడలో బాతుల ఆట

ప్రశ్న: సెలవుల్లో చెన్నై నుంచి క్రూయిజ్ ఓడ ఎక్కబోతున్నాం. ఓడల్లో కొందరు చిన్న రబ్బరు బాతులు దాచిపెడతారనీ, దొరికినవాళ్లు ఉంచేసుకోవచ్చనీ మా పాప చెప్పింది. మేమూ దాచాలంటే ఎన్ని తీసుకెళ్లాలి? ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: 2018లో ఒక అమెరికా బాలిక కార్నివాల్ సంస్థ ఓడలో మొదలుపెట్టిన సరదా ఇది. మన నెల్లూరు వైపు బాతులంటే కోతలయ్యాక పొలాల్లో మేసే మందలే గుర్తొస్తాయి గానీ, ఓడ బాతు అరచేతిలో ఇమిడిపోతుంది.

మూడు రాత్రుల ప్రయాణానికి పది పన్నెండు, వారానికి ఇరవై చాలు. అయిదు సెంటీమీటర్ల సైజు మంచిది. మరీ చిన్నవి కొనకండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు పసిపిల్లల గొంతుకు అడ్డం పడొచ్చు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. అది చూసి కొనండి. అడుగున పీపీ రంధ్రం ఉన్న బాతును నీళ్లలో ఆడిస్తే లోపలికి తడి చేరి బూజు పడుతుంది. ఆ రంధ్రాన్ని బొట్టు జిగురుతో ముందే మూసేయండి.

బాతు కన్నా చీటీ ముఖ్యం. రైల్వే స్టేషన్ మైకుల్లో, బస్టాండ్లలో ‘దిక్కులేని వస్తువులు ముట్టుకోకండి’ అని వినీ వినీ పెరిగినవాళ్లం. చీటీ లేని బొమ్మను మనవాళ్లు ముట్టుకోరు, లేదా ఎవరో పిల్ల పారేసుకుందని రిసెప్షన్‌లో ఇచ్చేస్తారు. అందుకే విజిటింగ్ కార్డులో సగమంత అట్టముక్క మీద ‘నేను మీకు దొరికాను! ఉంచుకోండి, లేదా మళ్లీ దాచండి’ అని ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులోనూ ఒక ముక్క రాయండి. ఓడ పేరు, నెల, ఊరు చాలు. ఫోన్ నంబరు, క్యాబిన్ నంబరు వద్దు. జెల్ పెన్నుతో రాస్తే సముద్రపు తేమకు సిరా పాకుతుంది. బాల్ పెన్నుతో రాసి, రెండువైపులా సెల్లోటేపు అంటించి, ఆ తర్వాత రంధ్రం చేసి, మెడకు దారంతో కట్టండి. స్టేపుల్ పిన్ను తుప్పు పడుతుంది, పిల్లల వేలికి గీరుకుంటుంది. రబ్బరు బ్యాండు జారిపోతుంది. బాతును పొట్లంలోనో డబ్బాలోనో పెట్టకండి. అన్నివైపులా కనిపిస్తేనే అనుమానం రాదు.

దాచేముందు రిసెప్షన్‌లో ఒకమాట అడగండి, ఓడకో పద్ధతి ఉంటుంది. మెట్ల మలుపులో గట్టు, లైబ్రరీ అర, లిఫ్టు దగ్గర కుండీ పక్కన, లాంజ్‌లో కిటికీ అంచు బాగుంటాయి. ఎత్తు పిల్లల కంటికి సమానంగా ఉండాలి. అక్కడ వెతికి చూసేది వాళ్లే. షాపుల్లో పెడితే తీసుకున్నవాళ్ల మీద దొంగతనం అనుమానం వస్తుంది. భోజనాల కౌంటరు, ఈతకొలను, లైఫ్ జాకెట్ల పెట్టెలు, మంటలార్పే సిలిండర్లు, సిబ్బంది తలుపుల జోలికి పోవద్దు. ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే పెట్టేయండి. చివరి రాత్రి అందరూ పెట్టెలు సర్దుకునే హడావుడిలో ఉంటారు. ఆ తర్వాత మిగిలింది శుభ్రం చేసేవాళ్ల సంచిలోకి పోతుంది.

ప్రశ్న: ప్లాస్టిక్ బాతుల బదులు మన ఉదయగిరి చెక్క స్పూన్లు దాచొచ్చా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: భేషుగ్గా దాచొచ్చు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చీటీలో ‘ఉదయగిరి, నెల్లూరు జిల్లా’ అని రాస్తే దొరికినవాళ్లకు అది ఊరి జ్ఞాపిక అవుతుంది. దారం కోసం కాడ చివర రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేయిస్తే, అంచు నుంచి కనీసం ఎనిమిది మిల్లీమీటర్లు వదలమనండి. లేకపోతే చెక్క చీలుతుంది. సూదిమొనంత రంధ్రాలు, పిండిలాంటి పొడి కనిపించిన స్పూన్ వద్దు, అది పుచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేవుల్లో దిగే ప్రయాణమైతే చెక్క వస్తువు ఉందని అక్కడి అధికారులకు ముందే చెప్పాలి. కాబట్టి అటు వెళ్లే ఓడలో మాత్రం బాతులే నయం.

ప్రశ్న: ఒంగోలు నుంచి చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ దాచితే?
– ఒంగోలు విద్యార్థి

జవాబు: వద్దు. రైల్లో ఎవరిదో తెలియని బొమ్మ కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తారు, పిలవాలి కూడా.

ప్రశ్న: బాతు పొరపాటున సముద్రంలో పడితే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: మునగదు, ఎక్కడికో తేలిపోతుంది. 1992 జనవరిలో పసిఫిక్‌లో ఎవర్ లారెల్ అనే సరుకు ఓడ నుంచి కంటెయినర్లు పడి, దాదాపు 29 వేల స్నానపు బొమ్మలు కొట్టుకుపోయాయి. పసుపు బాతులు, ఎర్ర బీవర్లు, నీలి తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు. అదే ఏడాది నవంబరులో అలాస్కా తీరానికి చేరడం మొదలైంది. వాటిని బట్టి శాస్త్రవేత్తలు సముద్ర ప్రవాహాల దారులు లెక్కగట్టారు. అయినా అది చెత్తే. ఓడల నుంచి ఏ ప్లాస్టిక్కూ సముద్రంలో వేయకూడదని, ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఐదో అనుబంధం చెబుతోంది. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు కూడా ప్లాస్టిక్ ముప్పే. కాబట్టి గాలి తగిలే డెక్కు మీద, రెయిలింగు మీద, బాల్కనీలో బాతును పెట్టొద్దు. నాలుగు గోడల మధ్య దాచండి.