హరిత హైడ్రోజనా, హరితోదజనా?

సందేహం: మా జిల్లాలో పూడిమడక దగ్గర వచ్చే ప్రాజెక్టు గురించి ఒక పత్రిక 'గ్రీన్ హైడ్రోజన్' అని రాస్తే ఇంకొకటి 'హరిత హైడ్రోజన్' అంటోంది. సంస్కృత పదానికి ఇంగ్లీషు పదం తగిలిస్తే వైరి సమాసం అవుతుందని, 'హరితోదజని' అనాలని మా నాన్నగారు అంటారు. ఏది సరి? అసలు ఆ వాయువుకి పచ్చరంగు ఉంటుందా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

సమాధానం: రంగు సంగతి ముందు చూద్దామమ్మా. హైడ్రోజన్‌కి ఏ రంగూ ఉండదు. ఈ రంగు పేర్లన్నీ దాన్ని తయారుచేసే పద్ధతిని బట్టి పెట్టినవి. సహజవాయువు నుంచి తీస్తూ, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలేస్తే అది గ్రే. ఆ కార్బన్‌ను పట్టి భూమిలో దాచిపెడితే బ్లూ. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీస్తే గ్రీన్. మూడూ ఒకే వాయువు, సిలిండర్లో ఉన్నప్పుడు తేడా కనిపెట్టలేం.

ఈ గ్రీన్‌ను 'పచ్చ' అంటే తెలుగులో చిక్కు వస్తుంది. మనకు పసుపూ పచ్చే, ఆకుపచ్చా పచ్చే. 'ఆకుపచ్చ హైడ్రోజన్' అంటే నిజంగానే ఆ రంగు వాయువు అనుకుంటారు. మీకు వచ్చిన సందేహమే అందరికీ వస్తుంది. 'హరిత' అలా కాదు. హరిత విప్లవం నాటికే అది రంగును దాటి పైరు పంటలను సూచించింది, ఇప్పుడు పర్యావరణానికి మేలుచేసేదనే అర్థంలో స్థిరపడింది. కాబట్టి ఆ మాట ఎంపిక బాగుంది.

ఇక సమాసం. మీ నాన్నగారు చెప్పిన సంధి సరైనదే, హరిత + ఉదజని గుణసంధితో హరితోదజని అవుతుంది. 'ఉదజని' నాకు ఎంతో ఇష్టమైన మాట. 1787లో లావోయిజర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు గ్రీకు మాటలు కలిపి 'నీటిని పుట్టించేది' అనే అర్థంలో హైడ్రోజన్ అని పేరుపెట్టారు. మనవాళ్లు దానికి ఉదజని అన్నారు. ఉదధిలో ఉన్న 'ఉద' అంటే నీరు, 'జని' అంటే పుట్టుక. ఈ మాటను నీటికి పుట్టుకనిచ్చేది అనీ, నీటి నుంచి పుట్టేది అనీ రెండు రకాలుగా విడదీయొచ్చు. హరిత పద్ధతిలో రెండూ నిజమే. 9 కిలోల నీటిని విద్యుత్తుతో విడగొడితే 1 కిలో హైడ్రోజన్, 8 కిలోల ఆక్సిజన్ వస్తాయి. ఆ కిలోను మండిస్తే మళ్లీ 9 కిలోల నీరే. ఇంత నిండుగా కుదిరిన పారిభాషిక పదం అరుదు. పక్కనే ఉన్న 'ఆమ్లజని' (ఆక్సిజన్) చూడండి: ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ పొరబడ్డాడు, ఆ పొరపాటు మన మాటలోకీ వచ్చేసింది.

అయినా 'హరిత హైడ్రోజన్'ని తప్పు అనను. వైరి సమాసం మాట ఎత్తితే 'అణుబాంబు'ను ఏంచేస్తాం? ప్రత్యేక రైలును? 'జిల్లాధికారి'లో అయితే ఉర్దూ నుంచి వచ్చిన జిల్లాకు సవర్ణదీర్ఘ సంధి కూడా చేసేశాం. జనం నోట అరిగిన మాటను లక్షణ గ్రంథం ఆపలేదు. ఇవాళ బళ్లో పిల్లలకు ఉదజని తెలియదు, హైడ్రోజన్ తెలుసు. వార్తలో హరిత హైడ్రోజన్ రాయండి, మాటల్లో గ్రీన్ హైడ్రోజన్ అన్నా ఇబ్బంది లేదు. సైన్సు వ్యాసంలో ఉదజనిని ఒక్కసారైనా పరిచయం చేస్తే సంతోషిస్తాను.

నన్ను బాధపెట్టే తప్పు వేరే ఉంది. శీర్షికలో చోటు చాలక 'హరిత' తీసేసి 'కాలుష్యం లేని హైడ్రోజన్' అని రాసేస్తున్నారు. ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ సహజవాయువు, బొగ్గుల నుంచి వచ్చేదే. అంటే శిలాజ ఇంధనాల బిడ్డే. కిలో హైడ్రోజన్‌కు వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులన్నీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలో 2 కిలోలు మించకూడదని కేంద్రం 2023లో నిర్వచించింది. అందులో నెగ్గినదానికే 'హరిత' అనే విశేషణం చెల్లుతుంది. చోటు చాలకపోతే ఇంకేదైనా తీసేయమనండి.