బోటు ముక్కు నిలిచింది, నడుము విరిగింది

మీరు అడిగింది ఇది: 30 అంగుళాల ఫైబర్ రిమోట్ రేసు బోటు, రెండుసార్లు గట్టుకు గుద్దుకొని ముక్కు పగిలింది, లోపల కార్బన్ బట్ట రెండు మూడు వరుసలు వేస్తే ఇక పగలదా అని. పగులుతుంది. ఈసారి ముక్కు దగ్గర పగలదు, దానికి జానెడు వెనక పగులుతుంది. నేను మూడు వరుసలు వేసి చూసినవాణ్ణి.

మాది తిరుపతి. ఇరవై ఏళ్లకు పైగా ఫైబర్ పనే. ఆటో మడ్‌గార్డులు, నీళ్ల తొట్లు, గంగ జాతరప్పుడు స్వాగత ద్వారాలు, ఏది వస్తే అది. బోట్ల పిచ్చి మాత్రం మా బామ్మర్ది వల్ల అంటుకుంది. ఇద్దరమూ ఆదివారం తెల్లవారుజామున రాయలచెరువుకు పోయి నడుపుతాము. 2021 నవంబరు వానలకు ఆ చెరువు కట్ట ఉంటుందో పోతుందో అని కింది ఊళ్లు ఖాళీ చేయించినారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. కట్ట నిలబడింది. ఆ తర్వాత సంక్రాంతికి నీళ్లు ఇంకా నిండుగా ఉన్నాయి, గాలి లేదు, నీటి మీద గీత కూడా లేదు. అలాంటి పొద్దున నా కొత్త హల్, అంటే బోటు ఒళ్లు, తీసుకుపోయినాను.

దానికోసం నెల రోజులు కష్టపడినాను. ముక్కు లోపల మూడు వరుసల కార్బన్, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో, ఒక్క బుడగ లేకుండా. వేలితో తడితే రాయి మీద తట్టినట్టే ఉండేది. మా బామ్మర్దిది మామూలు గాజు బట్ట హల్, లోపల అతుకు మీద గ్లాస్ టేపు (గాజు పోగుల పట్టీ) తప్ప ఏమీ లేదు.

నాలుగో చుట్టులో ఇద్దరం ఒకే మలుపు తీసుకున్నాము. అతని బోటు లేపిన అలెక్కి నాది గాల్లోకి లేచింది, చుక్కాని నీళ్లలోంచి బయటికొచ్చింది. "బావా, వదిలెయ్, థ్రాటిల్ వదిలెయ్!" అని అరిచినాడు. వదిలేసరికి ఆలస్యమైంది. బోటు తిన్నగా వచ్చి కట్ట రాళ్లకు తగిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, కొబ్బరికాయ కొట్టినట్టు ఒకటే దెబ్బ. ఒక్క క్షణం బాగానే తేలింది. తర్వాత వెనక భాగం వంగి, మోటారు, బ్యాటరీలు అన్నీ పట్టుకొని దిగిపోయింది.

దగ్గర్లో థర్మాకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన వచ్చి, వెదురుగడతో వెతికి, పైకి తీసి ఇచ్చినాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. హల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి ఒక మాట అడిగినాడు: "ముక్కు బాగుండాదే, నడుమెట్లా ఇరిగింది సామీ?"

చూస్తే నిజమే. ముక్కు మీద పెయింటు గీసుకుంది, అంతే. కార్బన్ ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా ఆ గీత వెంబడి, బ్లేడుతో కోసినట్టు, హల్ అడుగు తెగింది. మోటారు మౌంటు కూడా ఊడి వచ్చింది. నేను ముక్కును ఎంత గట్టిగా చేసినానో, దెబ్బ అంత చెక్కుచెదరకుండా వెనక్కి పోయి, గట్టిది ఆగి మెత్తది మొదలయ్యే చోట పని ముగించింది.

పాత చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కట్టకు ఊట తగిలేది ఎక్కువగా తూము పక్కనే, రాయీ మట్టీ కలిసే చోట. ఫైబర్ హల్‌లోనూ అంతే. ఎక్కడ మందం ఉన్నట్టుండి మారుతుందో అక్కడే విరుగుతుంది. కాబట్టి ఎన్ని వరుసలు వేసినా ప్రతి వరుసా కింది దానికంటే కనీసం 20 మిల్లీమీటర్లు పొడవుండాలి, మెట్లు మెట్లుగా పల్చబడాలి. ఒకే చోట మూడూ కత్తిరించి ఆపితే మీరు విరగాల్సిన గీత గీసి ఇచ్చినట్టే.

ఇక కార్బన్ మాట. కార్బన్ మీద ఇంత మోజు ఎందుకో నాకు అర్థం కాదు. కార్బన్ పోగు తన పొడవులో 1.5 నుంచి 2 శాతం సాగేలోపే తెగుతుంది. మామూలు గాజు పోగు (ఇ-గ్లాస్) 4 శాతం దాటి సాగుతుంది. వంగకుండా ఉండటానికి కార్బన్ బ్రహ్మాండం, గుద్దుకోవడానికి పనికిరాదు. బరువు పెరిగినా పర్వాలేదు, దెబ్బ తిన్నాక ముక్కలు విడిపోకూడదు అనుకుంటే అడుగు లోపల ఒక్క వరుస కెవ్లార్ వెయ్యండి. డుపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త 1965లో కనిపెట్టిన పోగు అది. పగిలినా బట్టలా పట్టుకొని ఉంటుంది, నీళ్లు ఒక్కసారిగా దూరవు. కాకపోతే దాన్ని ఇసుక కాగితంతో రుద్దితే నూలులా లేస్తుంది, కొత్త కత్తెర లేకపోతే తెగదు. అందుకే అది ఎప్పుడూ లోపలే, పైన గాజు బట్ట. పాలిస్టర్ రెసిన్‌తో సరిగా అంటదు, ఎపాక్సీ వాడండి.

ఎపాక్సీ అంటే మా దగ్గర దొరికేది ఎల్‌వై 556, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ హెచ్‌వై 951, బరువులో 100కు 10. కంటితో కొలిచి పొయ్యకండి, వంటగది తరాజు ఒకటి కొనుక్కోండి. తిరుపతి ఎండాకాలంలో గ్లాసు నిండా కలిపితే బట్ట మీద పూసేలోపే గ్లాసులోనే పొగలొచ్చి గట్టిపడుతుంది. వెడల్పు పళ్లెంలో కొంచెం కొంచెం కలపండి, తెల్లవారుజామున పని పెట్టుకోండి. ముందు లోపలంతా 80 నంబరు ఇసుక కాగితంతో రుద్ది అసిటోన్‌తో తుడవండి. డై (హల్ పోసిన అచ్చు) నుంచి వచ్చిన వాక్స్ మిగిలితే ఎంత ఖరీదైన బట్ట వేసినా అప్పడంలా లేచి వస్తుంది.

నా లెక్కలో మొదట బలం వెయ్యాల్సింది ముక్కుకు కాదు, పై డెక్కూ కింది హల్లూ కలిసే అతుకుకు. ఆన్‌లైన్‌లో అమ్మే హల్ లోపల వేలు పెట్టి చూడండి. చాలావాటిలో అతుకు జిగురుతో అంటించి వదిలేసి ఉంటారు. పది వేలు తీసుకుంటారు, పది రూపాయల గ్లాస్ టేపు వెయ్యరు. ఇది నాకు నిజంగా కడుపుమంట. నిటారు మూలలో బట్ట కూర్చోదు కాబట్టి ముందు ఎపాక్సీలో టాల్కం పొడి కలిపి మూలంతా వేలితో గుండ్రంగా నింపి, అది ఆరకముందే 25 మిల్లీమీటర్ల టేపు వేసుకుంటూ పోండి. పోగులు 45 డిగ్రీల ఏటవాలులో పడేట్టు చూసుకోండి. ఎం-సీల్ మాత్రం వద్దు, అది బోటుకు బరువు తప్ప బలం కాదు.

బరువు అన్నాను కదా, ముక్కులో 100 గ్రాములు చేరితే మోనో బోటు (ఒకే హల్ ఉన్నది) ఎగరడం మానేసి నీళ్లు తవ్వుతుంది. బరువు కేంద్రం వెనక పలక నుంచి పొడవులో 30 శాతం దగ్గర ఉండాలి, ముక్కు నింపిన తర్వాత బ్యాటరీలు వెనక్కి జరిపి మళ్లీ చూసుకోండి. ముక్కు చివర గట్టిపడేది ఏదీ పొయ్యకుండా ఒక మెత్తటి ఫోమ్ ముక్క పెట్టి ఎపాక్సీతో అంటించండి. థర్మాకోల్ అయితే పాలిస్టర్ రెసిన్ తగిలిన వెంటనే కరిగిపోతుంది, గుర్తుంచుకోండి.

విరగాల్సింది ఏదో మీరే ముందు తేల్చుకోండి. నేనిప్పుడు చుక్కాని బ్రాకెట్‌కు స్టీలు బోల్టు తీసేసి నైలాన్ బోల్టు పెట్టినాను. మొన్న తేలే దుంగ తగిలి అది తెగింది, చుక్కాని వెనక్కి మడుచుకుంది, వెనక పలక గీత పడకుండా బతికింది. వేగం గంటకు 40 కిలోమీటర్ల నుంచి 60కి పోతే దెబ్బ ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. అంత దెబ్బను ఏ బట్టా పూర్తిగా ఆపదు. అందుకే టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల ఫోమ్ హల్‌లో ఖాళీ ఉన్న ప్రతిచోటా కుక్కండి. రెండు కిలోల బోటుకు రెండు లీటర్ల ఫోమ్ ఉంటే నిలువునా చీలినా తేలుతుంది. నా బ్యాటరీలు ఆ రోజు చెరువు అడుగు చూసేవి కావు.

ఇంకొకటి, అడగకపోయినా చెప్తాను. కార్బన్ అయినా గాజు బట్ట అయినా పగిలితే సూదుల్లాంటి పేళ్లు రాలుతాయి. ఆ రోజు నేనూ మా బామ్మర్దీ గంటన్నర కూర్చొని రాళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటే ఏరినాము. ఆ కట్ట మీద జనం చెప్పుల్లేకుండా నడుస్తారు, గొడ్లు అక్కడే నీళ్లు తాగుతాయి. ఆ పెద్దాయన కూడా వల పక్కన పెట్టి మాతో పాటు ఏరినాడు. మీరు ఏ చెరువులో నడిపినా ఒక ప్లాస్టిక్ సంచి, ఒక శ్రావణం వెంట పెట్టుకోండి.

మీ హల్ లోపలి ఫోటో ఒకటి పెట్టండి, అతుకు కనిపించేట్టు. టేపు ఉందో లేదో చూసి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.