వాసంతీ, బాబు చదువు గురించి

వాసంతీ,

చదవడానికి బాబు ఇబ్బంది పడుతున్నాడని, ఉద్యోగానికి సెలవు పెట్టి వాడికి నువ్వే చదువు చెప్తావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది. నీ కోపం తెలుసు కాబట్టి టెన్షన్‌గానూ ఉంది.

ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించు. తర్వాత, అనంతపురం నుంచి బెంగళూరు ఎంత దూరం గనక, అక్కడి మానసిక, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించు. డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది, అని తేలితే సర్టిఫికెట్ తీసుకో, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో దీన్నీ చేర్చారు, పరీక్షల్లో ఎక్కువ టైమ్ అడగొచ్చు. రంగు అద్దాలతో నయం చేస్తామనేవాళ్లకి డబ్బు తగలెయ్యొద్దు.

వాడికి తెలివి తక్కువై కాదే. మాటలోని శబ్దాలు విడదీసి, దేనికి ఏ అక్షరమో జతచేసే దగ్గరే చిక్కు, అందుకే నిన్న చదివిన మాట కూడా ఇవాళ కొత్తగా కనిపిస్తుంది. తెలుగులో పలికినట్టే రాస్తాం గనక కొంత నయం, అయినా మ-య, ప-ఫ-ష, ఆ పైన వత్తులు! ఇంగ్లీషు స్పెల్లింగ్ మరీ అన్యాయం, నైఫ్‌కి ముందు ఆ కె ఎందుకో.

ఇది కుటుంబాల్లో వస్తుంటుంది కూడా. మీ చిన్నమామ సంగతి చెప్తా, నేను చెప్పానని వాడితో అనొద్దు. చుట్టాలొస్తే మీ తాత "ఏదీ, పేపర్ చదవరా" అనేవాడు. వీడు పొద్దున నేను చదువుతుంటే విని బట్టీపట్టి, పేపర్ ముందు పెట్టుకుని గడగడా అప్పజెప్పేవాడు. ఒకరోజు తాత ఇంకో పేజీ చేతికిచ్చాడు. వీడు పాత వార్తే చదివాడు. అందరూ పగలబడి నవ్వారు. దెబ్బలకి ఎప్పుడూ మానని బడి ఆ నవ్వులకి మానేశాడు. ఇప్పటికీ బ్యాంకులో ఫారం ఇస్తే "అద్దాలు మర్చిపోయినా, మీరే రాయండి" అంటాడు. వాడికి అద్దాలే లేవు.

కాబట్టి నలుగురి ముందు బాబు చేతికి పుస్తకం ఇవ్వొద్దు, మీ మామగారు అడిగినా సరే. పాఠం నువ్వు చదివి వినిపించు, నోటితో చెప్పించుకో. అక్షరాన్ని ఇసుకలో వేలితో దిద్దుతూ పలకమను, మన చిన్నప్పటి పద్ధతే. రోజూ కాసేపు చాలు. తప్పు రాస్తే యాభైసార్లు రాయించకు, అదే తప్పు యాభైసార్లు రాస్తాడు. పూర్తిగా పోయేది కాదుగానీ, ఓపిగ్గా నేర్పితే చదువుతాడు.

మరీ కోపమొస్తే పుస్తకం మూసేసి నాకు ఫోన్ చెయ్, నన్ను తిట్టు.

మీ పెద్దమ్మ