కొండకు పద్నాలుగు మందా?

మూసారాంబాగ్,
హైదరాబాదు.

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన సందేశం రెండుసార్లు చదివాను. మీ ఆఫీసువాళ్ళు 14 మంది, మూడు కార్లు, రెండు డేరాలు, పాటలు పెట్టుకోవడానికి ఒక స్పీకరు, కోడి కాల్చుకోవడానికి బొగ్గుల పొయ్యి. ఇంత సరంజామాతో శనివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కి, "ప్రశాంతంగా ఒక రోజు గడిపి వస్తాం అత్తా, ఏమేమి తీసుకువెళ్ళాలో చెప్పు" అని అడిగావు. నవ్వు వచ్చింది. ఏమేమి ఇంట్లో వదిలి వెళ్ళాలో చెబుతాను, అలిగి ఫోను పక్కన పడెయ్యకు. ముప్పై ఏళ్ళుగా ఆ కొండకు వెళ్ళి వస్తున్నాను. జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నోరు కాబట్టి రెండు ముక్కల్లో తేల్చడం నాకు చేతకాదు. ఉత్తరమే రాస్తున్నాను.

మొదట ఆ 14 సంగతి చూద్దాం. నలుగురు దాటితే అడవిలో మాట ఆగదు. ముందు నడిచేవాడు వెనక ఉన్నవాడిని పిలుస్తాడు. వాడికి వినపడక ఇంకా గట్టిగా "ఏమిటీ?" అంటాడు. మధ్యలో ఉన్నవాళ్ళు ఇద్దరికీ దుబాసీలవుతారు. ఈలోగా ఫర్లాంగు దూరంలో ఉన్న నెమలి పొదల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో 40 మంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని, మెడలో ఈల వేసుకుని మరీ ఆ కొండకు తీసుకువెళ్ళాను. ఆ రోజు మేము చూసిన అడవి జంతువు కోతి ఒక్కటే. అది కూడా మా అన్నాల క్యారియర్లు చూడటానికి వచ్చింది.

కొండ నాకు నిజంగా కనిపించింది మోకాలి నొప్పి మొదలయ్యాక. ఒకసారి తోటి పంతులమ్మలతో వెళ్ళాను. వాళ్ళు వాగు దాకా దిగుతామన్నారు. నా వల్ల కాదని దారి పక్కన మద్దిచెట్టు కింద బండమీద కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. ఇంట్లో కందిపప్పు అయిపోయిందన్న ఆలోచన, గ్యాసు ఎప్పుడు వస్తుందన్న ఆలోచన. తరవాత ఎక్కడో పైన టకటకమని చప్పుడు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం ఎత్తి చూస్తే వడ్రంగిపిట్ట, బెరడు ముక్కలు కింద రాలుస్తోంది. ఇంకాసేపటికి ఎండుటాకుల్లో గలగల. పామనుకుని బిగుసుకుపోయాను. బెత్తెడు తొండ! అంత చిన్న ప్రాణి అంత చప్పుడు చేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ పైన ఒక ముంగిస ఆరడుగుల దూరంలోకి వచ్చి, ముందుకాళ్ళు ఎత్తి నిలబడి నన్ను పరిశీలించింది. ఇదొక లావుపాటి రాయి అని తేల్చుకుందేమో, దాని దారిన అది పోయింది. వాళ్ళు తిరిగి వచ్చి, "పాపం, నీకేమీ కనపడలేదు కదా" అన్నారు. చెబితే నమ్మలేదు.

అందుకే నీకు నేను చెప్పే పని ఒకటే. నడక తగ్గించు. ఒక చోట అరగంట కదలకుండా కూర్చో. ఆ చోటు ఎంచుకోవడంలో కాస్త నేర్పు ఉంది. దట్టమైన చెట్ల నడుమ కన్నా, చెట్లు ఆగిపోయి బయలు మొదలయ్యే అంచున గాని, నీటికి కాస్త ఎడంగా గాని కూర్చుంటే మేలు. పక్షులు, చిన్న జంతువులు తిరిగేది అలాంటి అంచుల్లోనే. వీపు చెట్టుకు ఆనించు, పొద్దు నీ వెనక ఉండేలా చూసుకో. ఎదురుగా ఎండ ఉంటే పిట్ట రంగు తెలియదు, నల్లటి మచ్చ ఒక్కటే కనిపిస్తుంది. జంతువు కన్ను ఆకారం కన్నా కదలికను ముందు పట్టుకుంటుంది. దోమ కుట్టినా చెయ్యి మెల్లగా ఎత్తు. మట్టిరంగు, ఆకురంగు బట్టలు వేసుకో. మీ ఆఫీసు పేరు అచ్చువేసిన ఆ నారింజరంగు చొక్కాలు ఆఫీసుకే మంచివి. అత్తరు పూసుకోవద్దు. ఇదంతా పొద్దు పొడిచిన రెండు గంటల లోపు జరగాలి. పది దాటాక పిట్టలు కూడా నీడకు చేరి నోరు మూసుకుంటాయి. మీరు పదకొండింటికి చేరుకుంటే కనిపించేది మీలాంటి ఇంకో 14 మంది.

శనివారం, ఆదివారం వద్దే వద్దు. సగం నగరం అక్కడే ఉంటుంది. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టు. కార్తీకంలో అనంత పద్మనాభస్వామి జాతరకు జనం విరగబడి వస్తారు. ఆ రోజుల్లో భక్తి ఉంటే గుడికి వెళ్ళు, అడవి కోసం మాత్రం వెళ్ళవద్దు. ఇప్పుడైతే వానలు తగ్గుముఖం పడుతున్నాయి, ఆకు ఇంకా పచ్చగా ఉంది, మంచి కాలం. మాఘం దాటితే ఆకు రాలుతుంది. అప్పుడు వెళ్ళినవాళ్ళు అడవి ఎండిపోయిందని పెదవి విరుస్తారు. నాకు ఆ కాలమూ ఇష్టమే. ఆకు లేని కొమ్మల మీద మోదుగ పూసిందంటే కొండకు నిప్పంటుకుందా అనిపిస్తుంది. పైగా ఆకు అడ్డం లేదు కాబట్టి పిట్ట దాక్కోలేదు.

నువ్వు ఉండే చోటు నుంచి లింగంపల్లి దగ్గరే. అక్కడ రైలు ఎక్కితే వికారాబాద్ జంక్షన్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి కొండ సుమారు 6 కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. కారే కావాలంటే చేవెళ్ళ దారి పట్టు. నగర శివారులో పోలీసు అకాడమీ దగ్గరి అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల పొడవునా రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు లెక్కపెడితే సుమారు 900 తేలాయి. వాటిని కాపాడాలని నగరంలోని వృక్షప్రేమికులు పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. వాటి కింద నుంచి వెళ్ళేటప్పుడు ఏసీ ఆపి అద్దం దించు. నీడలో గాలి ఎంత చల్లబడుతుందో ముఖానికే తెలుస్తుంది.

కొండమీద కాళ్ళకింద నేల చూడు. మన హైదరాబాదు గుండ్లు గ్రానైటు, 250 కోట్ల ఏళ్ళ నాటివి. అనంతగిరి రాయి వేరు. తుప్పురంగులో, తేనెపట్టులా చిల్లులు పడి ఉంటుంది. దాన్ని లాటరైటు అంటారు. దాని కింద నల్లటి బసాల్టు ఉంది, ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను మీద పారిన లావా గట్టిపడితే అయినది. ఆ నల్లరాయే లక్షల ఏళ్ళ ఎండకు, వానకు కుళ్ళి పైన ఎర్రగా మారింది. చిల్లుల రాయి వానను తాగుతుంది. కింద గట్టిరాయి తగిలిన చోట ఆ నీరు పక్కకు తిరిగి ఊటగా బయటకు వస్తుంది. వాన ఆగిన పదిరోజులకు కూడా అక్కడ రాతిసందుల్లోంచి నీళ్ళు కారుతుంటే బడిపిల్లలు పైపు పగిలిందా అని అడిగేవారు.

ఆ ఊటలే మూసీ, నాయనా. మా ఇంటి వెనక ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది అక్కడే. పెద్దవాళ్ళు ముచికుంద నది అనేవారు. పురాణాల్లో కాలయవనుణ్ణి చూపుతో బూడిద చేసిన ముచికుందుడి పేరు మీద. కొండమీద దాన్ని ఒక్క అంగలో దాటవచ్చు. ఆ అంగెడు నీరే 1908 సెప్టెంబరు 28న నగరాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ దెబ్బకే 1920 నాటికి మూసీ మీద గండిపేట చెరువు కట్టారు. ఏడేళ్ళకు ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చింది. వానలు గట్టిగా పడిన ఏడాది మా మూసారాంబాగ్ వంతెన మీద నుంచి నీళ్ళు పారితే, రాకపోకలు ఆపి, మమ్మల్ని ఊరంతా చుట్టి రమ్మనేవారు. అప్పుడు కిటికీలో నిలబడి నేను ఆ మద్దిచెట్టు కింద బండనే తలుచుకునేదాన్ని. నువ్వు ఆ వాగులో సబ్బు వేసి గిన్నెలు కడగవద్దు. ఆ నీరు చేరేది కింద ఉన్న గండిపేట చెరువుకే. గిన్నెలు ఇంటికి తెచ్చుకో, నేను తోముతాను.

ఇక కోతులు. ఇందులో తప్పు నాది, దాచను. ఒకసారి గుడి దగ్గర ఒక పిల్లకోతి జాలిగా చూస్తే అరటిపండు ఇచ్చాను. గంట తరవాత పులిహోర పొట్లం విప్పబోతుంటే దాని బంధువర్గమంతా దిగింది. పొట్లం పోయింది, కళ్ళజోడు పోయింది, చేతిమీద గీత మిగిలింది. ఆ గీతకు ఆసుపత్రిలో కుక్కకాటు టీకాలే వేశారు. కోతి గీరినా రేబిస్ భయం ఉంటుంది. మనిషి చేతిలో సంచి అంటే తిండి అని వాటికి నేర్పింది నాలాంటి జాలిగుండెవాళ్ళే. తిండి వీపుసంచిలో అడుగున, మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టుకో. గలగలలాడే కవర్లు అసలు తేవద్దు, ఆ చప్పుడు వాటికి భోజనం గంట.

బొగ్గుల పొయ్యి దించెయ్యి. అది రిజర్వు అడవి, లోపల నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. సిగరెట్టు కాల్చేవాడు మీలో ఉంటే వాడిని ఇంట్లోనే ఉంచు. డేరాలు కూడా అటవీశాఖో పర్యాటకశాఖో ఒప్పుకున్న చోట తప్ప వెయ్యవద్దు.

పాముల గురించి మీ అమ్మ బెంగ పెట్టుకుంటుంది కాబట్టి రాస్తున్నాను. రక్తపింజర ఎండుటాకు రంగులోనే ఉంటుంది, మనిషి అలికిడికి పక్కకు తప్పుకోదు. కాలు పెట్టే చోటు చూసి పెట్టు, రాతిసందులో చెయ్యి పెట్టవద్దు, మడమలు కప్పే బూట్లు వేసుకో. పొరపాటున కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. ఉంగరం, గడియారం తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యి. విరుగుడు మందు ఉండేది ఆసుపత్రిలోనే. నా మటుకు నేను పాము కన్నా తేనెటీగలకు ఎక్కువ భయపడతాను. ఎత్తయిన కొమ్మకు పెద్ద పట్టు కనిపిస్తే దాని కింద నిలబడి ఫొటో దిగవద్దు, పొగ, అత్తరు, రాయి ఏదీ దాని దరిదాపులకు పోకూడదు. లేచాయంటే ముఖం కప్పుకుని కారు దాకా పరుగెత్తడమే.

మిగతావి నీకు తెలిసినవే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, కాసింత ఉప్పు కలిపిన మజ్జిగ. వాన పడ్డాక ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, వాలులో దిగేటప్పుడు ఒక కర్ర ఉంటే మంచిది. స్పీకరు మాట ఎత్తను, నువ్వే సిగ్గుపడి ఉంటావు.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఆడవాళ్ళు సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని అమ్ముతుంటారు. చెట్టుమీద కాయ నువ్వు తెంపవద్దు, ఈ కాలంలో వాళ్ళ సంపాదన అది. గంపెడు కొనుక్కో, బేరం ఆడకు. కళ్ళు విచ్చిన కాయలు ఏరుకుంటే రెండు రోజుల్లో పండుతాయి.

నీ 14 మందిని ముగ్గురికి దించి, రోజు మంగళవారానికి మార్చావంటే నాకు కబురు చెయ్యి. కారులో నాలుగో చోటు నాకు కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి గేటు దగ్గర ఉంటాను, దద్దోజనం స్టీలు డబ్బాతో సహా. మీరు వాగు దాకా దిగి రండి, నన్ను మాత్రం ఆ బండ దగ్గర వదిలెయ్యండి.

ఆశీస్సులతో
అత్త